కుక్కతో పాఖాల మాత్రం వద్దు

మీరు రాసినదాంట్లో వరంగల్ చుట్టుపక్కల నడకకు, పిట్టలు చూడటానికి మంచి చోట్లు చెప్పారు, సంతోషం. కానీ పెంపుడు కుక్కను కూడా పాఖాలకు తీసుకెళ్లొచ్చని రాసిన మాట దయచేసి తీసేయండి. 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో కట్టిన ఆ చెరువు చుట్టూ ఉన్నది పార్కు కాదు, అభయారణ్యం. కుక్క వాసనకే జింకలు బెదురుతాయి. పైగా కుక్కల నుంచి అడవి జంతువులకు రోగాలు అంటుకునే భయం. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు, కొన్నింటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది.

కుక్కతో అయితే హన్మకొండలో వడ్డేపల్లి చెరువు వైపు వెళ్లండి, రానిస్తారో లేదో ముందే అడగండి. పొద్దున్నే వెళ్తే కొంగలు, లకుముకి పిట్టలు, కరెంటు తీగల మీద మన పాలపిట్ట కనిపిస్తాయి. గొలుసు మాత్రం అస్సలు వదలొద్దు. ఎండాకాలంలో తీతువు పిట్ట ఖాళీ నేల మీదే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. అవి రాళ్లలో కలిసిపోయి మనకే కనపడవు, ఇక కుక్కకేం తెలుస్తుంది? తీతువు అరుస్తూ తల మీద తిరుగుతోందంటే గుడ్లో పిల్లలో దగ్గర్లో ఉన్నట్టే. మేమైతే అటు నుంచి అటే వెనక్కి తిరిగి వచ్చేస్తాం.

ఇంకోటి, మే నెలలో పొద్దున తొమ్మిది దాటాక కుక్కను తారు రోడ్డు మీద నడిపించకండి. పాదాలు కాలతాయి పాపం.