ఆఫీసు ప్రింటర్ గారికి నమస్కరించి రాయునది

మహారాజశ్రీ మూడో అంతస్తు మూల ప్రింటర్ గారి సముఖానికి, బెంగళూరు మారతహళ్లి ఆఫీసు సిబ్బంది నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని మీ బుల్లి తెర మీద, పచ్చ లైటు పక్కన, ‘రెడీ’ అని కనబడుతూనే ఉంది. కానీ మా లాప్‌టాప్‌లన్నీ ముక్తకంఠంతో ‘ఆఫ్‌లైన్’ అంటున్నాయి. నాలుగడుగుల దూరంలో కూర్చున్న మిమ్మల్ని కళ్లారా చూస్తూ కూడా, మీరు ఊళ్లో లేరని కంప్యూటర్ చెబితే నమ్మాల్సిన ఖర్మ పట్టింది మాకు.

సంగతేంటో తేల్చుకుందామని మెనూలోకి వెళ్లి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ తీశాను. అది మాత్రం ఠంచనుగా వచ్చింది. మీ గురించి మీరు చెప్పుకునే కాయితానికి ఏ అడ్డూ ఉండదు, జీఎస్టీ కాయితాలకే జబ్బు. ఆ పేజీలో ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో మీ ఇంటి నంబర్, 192.168.1.131 అని ఉంది. అకౌంట్స్ అక్క లాప్‌టాప్‌లో పోర్ట్, అంటే ఆమె ఫైళ్లు మీకు చేరే దారి, చూస్తే 192.168.1.123. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, రౌటర్ మళ్లీ లేచింది, అందులో నంబర్లు పంచే డీహెచ్‌సీపీ మీ చేతిలో కొత్త నంబర్ పెట్టింది, మీరు కిక్కురుమనకుండా పుచ్చుకున్నారు. బెంగళూరులో అద్దె ఇల్లు మారితే కనీసం గ్యాస్ ఏజెన్సీకీ, ఊళ్లో అమ్మకీ చెబుతాం. మీరు రాత్రికి రాత్రి పక్క సందులోకి మారిపోయి, మా ఫైళ్లు పాత గుమ్మం ముందు నిలబడి తలుపు బాదుతుంటే కిటికీలోంచి చూస్తున్నారు.

దీనికి మందు లేకపోలేదు. రౌటర్‌లో మీ మ్యాక్ అడ్రస్‌కి, అంటే పుట్టుకతో వచ్చిన మీ నంబర్‌కి, ఒక ఐపీని రిజర్వ్ చేసి పెడితే, కరెంటు ఎన్నిసార్లు పోయినా అదే నంబర్ వస్తుంది. కాకపోతే రౌటర్ పాస్‌వర్డ్ కేబుల్ అతని దగ్గరుంది, ఫోన్ చేస్తే ‘బర్తీని సార్’ (వస్తాను సార్) అంటాడు, రాడు. రెండో దారి, మీ మెనూలోనే మాన్యువల్ అని పెట్టి నంబర్ ఇవ్వడం, అయితే ఆ నంబర్ రౌటర్ పంచే వరసకి బయట ఉండాలి. పోయిన దీపావళి ముందు ఎవరో మహానుభావుడు ఆ ముక్క మర్చిపోయి 192.168.1.105 అని పెట్టి చక్కా పోయాడు. రౌటరేమో 100 నుంచి 200 దాకా వచ్చినవాళ్లందరికీ పంచుతోంది. ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడి ఫోన్‌కి సరిగ్గా ఆ 105 తగిలింది. అతను రిసెప్షన్‌లో కూర్చున్నంతసేపూ మీరు ఒకసారి ఉన్నారు, ఒకసారి లేరు. అతనికి ఉద్యోగం వచ్చుంటే మా గతేం కాను?

ఇంకో రోజు మీ పేజీలో 169.254తో మొదలయ్యే నంబర్ కనబడింది. డీహెచ్‌సీపీ ఎంత పిలిచినా పలక్కపోయేసరికి, మీకు మీరే ఒక అడ్రస్ రాసేసుకున్నారన్నమాట. 2005లో ఇంటర్నెట్ పద్ధతుల పత్రాల వరసలో ఆర్‌ఎఫ్‌సీ 3927 పేరుతో ఈ పద్ధతిని రాసి మరీ పెట్టారు కాబట్టి మిమ్మల్ని తప్పు పట్టలేను. కానీ ఆ నంబర్‌తో గేట్‌వే, అంటే రౌటర్ గుమ్మం, దాటి ఎక్కడికీ పోలేరు, 192లో ఉన్న మేం మీ దగ్గరికి రాలేం. టేబుల్ కిందకి దూరి చూస్తే, స్విచ్ నుంచి రౌటర్‌కి వెళ్లే కేబుల్ ఎవరో పీకి తన లాప్‌టాప్‌కి పెట్టుకున్నారు. ఈ ఒక్కటీ మీ తప్పు కాదు, ఒప్పుకుంటాం.

ఇక మీ ప్రొటోకాల్ మెనూ, అంటే మీరు ఆలకించే భాషల జాబితా. ఎల్‌పీడీ, 9100, ఐపీపీ, డబ్ల్యూఎస్‌డీ, ఎఫ్‌టీపీ, టెల్నెట్, అన్నీ ఆన్. డబ్బాలోంచి అలాగే దిగారట. ఎల్‌పీడీ గురించి ఆర్‌ఎఫ్‌సీ 1179 రాసింది 1990లో, అంటే మా టీమ్‌లో సగంమంది పుట్టకముందు. 515 పోర్ట్‌లో, అంటే ఆ నంబర్ తలుపు దగ్గర, వింటుంది, క్యూ పేరు తప్పు చెబితే చాలాచోట్ల మొహం చాటేస్తుంది. 9100 (పోర్ట్ నంబరే దాని పేరు) మరీ మొరటుది, కనెక్షన్ తెరిచి ఫైల్ గుమ్మరించి పోవడమే తప్ప దానికంటూ మంచీ మర్యాదా ఏమీ లేవు. హెచ్‌పీ వాళ్ల జెట్‌డైరెక్ట్ కార్డులతో అలవాటైన దారి అది, తర్వాత మిగతా కంపెనీలూ అందులోనే నడిచాయి. కాస్త చదువుకున్నది ఐపీపీ ఒక్కటే. 631లో కూర్చుని, ఏ సైజు కాయితం ఉంది, రెండువైపులా వేయగలవా, ట్రే ఖాళీయా అని అడిగి జవాబు తెచ్చుకుంటుంది. ఆ భాష మీకు వచ్చు. అయినా విండోస్ మిమ్మల్ని తనంతట తాను కనిపెట్టినప్పుడు డబ్ల్యూఎస్‌డీ పోర్టే తగిలించింది, అది పొద్దున్న పలికి మధ్యాహ్నానికి మూగబోయింది. అందుకే దాన్ని పీకేసి, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ చేత్తో పెట్టి, మీ సరైన నంబర్ ఇచ్చాను.

అయినా ఆఫ్‌లైన్! ఇక్కడితో మర్యాద అయిపోయింది, ఇకనుంచి నువ్వే.

ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్, అందులో కాన్ఫిగర్ పోర్ట్, ఆ డబ్బా అట్టడుగున ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ అని ఒక చిన్న టిక్కు (ఎస్‌ఎన్‌ఎంపీ అంటే యంత్రాల యోగక్షేమాలు అడిగే పద్ధతి). అది ఉన్నంతకాలం విండోస్ ఊరికే ఉండదు, యూడీపీ పోర్ట్ 161లో నిన్ను పిలిచి, ‘పబ్లిక్’ అనే కమ్యూనిటీ పేరు (పాస్‌వర్డ్ లాంటిది) చెప్పి, ఎలా ఉన్నావని అడుగుతుంది. నీలో ఎస్‌ఎన్‌ఎంపీ ఆపేసి ఉన్నా, ఆ పేరు ఎవరైనా మార్చి ఉన్నా, నువ్వు బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోతావు. జవాబు రాలేదు కాబట్టి విండోస్ లెక్కలో నువ్వు లేవు, అంతే. 9100 బార్లా తెరిచి ఉన్నా, పింగ్ చేస్తే మిల్లీసెకన్లలో పలుకుతున్నా, లేవంటే లేవు. ఆ టిక్కు తీసి ఓకే నొక్కాను. మధ్యాహ్నం నుంచి క్యూలో ఇరుక్కున్నవన్నీ ఒక్కసారి బయటపడ్డాయి: ఇన్‌వాయిస్‌లు, ఒక రిలీవింగ్ లెటర్ (ఎవరిదో చూడలేదు, చూశాను గానీ చెప్పను), మేనేజర్ గారబ్బాయి స్కూల్ ప్రాజెక్ట్ కోసం సౌరకుటుంబం, వరలక్ష్మీ వ్రతకథ మూడు కాపీలు. అకౌంట్స్ అక్కది అనంతపురం. ‘ఏమప్పా, లేసిందా? ఇంతసేపూ పండుకోని ఉండిందా?’ అంది. పండుకోలేదక్కా, మేలుకునే ఉంది, బాగున్నావా అంటే పలకలేదు, అదీ కథ.

ఫోన్ నుంచి ప్రింట్ ఇస్తానని ఒకరోజు డైరెక్టర్ గారే వచ్చారు. ఫోన్‌లో నువ్వు కనబడవు. నువ్వేమో ఎండీఎన్‌ఎస్‌లో, 224.0.0.251 అనే అడ్రస్‌కి, నేనిక్కడున్నానని చాటుకుంటున్నావు. ఆ చాటింపు రౌటర్ గడప దాటదు, దాటకూడదనే అలా పెట్టారు. ఆయన ఫోన్ ఆ గడప అవతల, గెస్ట్ వైఫైలో ఉంది. ‘సార్, మీరు గెస్ట్‌లో ఉన్నారు’ అని డైరెక్టర్‌కి చెప్పే ధైర్యం మా హెచ్‌ఆర్ మేడమ్‌కే చాల్లేదు.

స్కాన్ బాధ వేరే. ఫోల్డర్‌కి పంపమంటే లాగిన్ ఫెయిల్డ్ అంటావు, పాస్‌వర్డ్ చూస్తే శుభ్రంగా కరెక్టే. ఫోల్డర్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిలో నీకొచ్చింది ఒకటో వెర్షన్ మాత్రమే. 2017 మేలో వానాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే పురుగు దాన్ని పట్టుకునే దేశదేశాలు తిరిగింది, అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో దాన్ని మామూలుగా పెట్టడమే మానేశారు. ఇప్పుడు పక్క ఆఫీసు ఐటీ అన్న వచ్చి ‘ఎస్‌ఎంబీ వన్ ఆన్ చేసేయ్ బ్రో, పనైపోతుంది’ అంటాడు. అవుతుంది, ఆఫీసు పనే అయిపోతుంది. నీ ఒక్కదాని చదువు ఆగిపోయిందని అందరి లాప్‌టాప్‌ల తాళాలూ తీసి కూర్చోవాలా? కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే వేసుకుని రెండో వెర్షన్ నేర్చుకో. లేకపోతే పెన్‌డ్రైవ్‌లోకి స్కాన్ చెయ్, నోరు మూసుకుని.

మనుషుల్ని రాచిరంపాన పెట్టడం మీ వంశానికి కొత్త కాదనుకో. అమెరికాలో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్, కాయితం ఇరుక్కుంటే కావలసినవాళ్లకి మెసేజ్ వెళ్లేలా జిరాక్స్ లేజర్ ప్రింటర్‌ని సరిచేద్దామనుకుంటే, దాని సోర్స్ కోడ్ చేతికి రాలేదు. ఆ కడుపుమంట ఆయన్ని వదల్లేదు, 1983లో, సోర్స్ కోడ్ అందరి చేతికీ అందాలని, గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించాడు. ఉద్యమాలు లేవదీసే ఓపిక మాకు లేదు. కంప్యూటర్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డుకెళ్లి ఇంకో ప్రింటర్ రేటు కనుక్కొస్తాం, అంతే.

ప్రస్తుతానికి నీకు 192.168.1.50 ఇచ్చి, వరసకి బయట కూర్చోబెట్టి, ఆ నంబర్ చీటీ నీ నెత్తిన అంటించాను. టెల్నెట్, ఎఫ్‌టీపీ ఆపేశాను. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాను, అదీ చీటీ మీదే రాయొచ్చు కదా అంటున్నారు అకౌంట్స్‌లో.

ఇట్లు,
నీ క్యూలో ఉన్నవాళ్లు

తా.క. ట్రేలో ఏ4 నిండుగా ఉండగా ‘లెటర్ సైజు పెట్టండి’ అని పట్టుబట్టడం మానెయ్. 216 × 279 మిల్లీమీటర్ల కాయితం కావాలని మారతహళ్లి స్టేషనరీ షాపులో అడిగితే, ఏ4 ప్యాకెట్ చేతిలో పెట్టి కత్తెర కూడా కావాలా అన్నాడు.