సుద్దపొడి గారికి

సుద్దపొడి గారూ, నమస్తే.

మా షెడ్డులో మిమ్మల్ని ముద్దుగా క్యాల్షియం అంటారు. పిల్లల ఎముకలకు బలమిచ్చే పేరు. రబ్బరుకు మాత్రం మీరిచ్చేది బరువే.

మాది వరంగల్ ములుగు రోడ్డులో చిన్న షెడ్డు. రైస్ మిల్లు మోటార్లకు కప్లింగ్ బుష్‌లు, అంటే మోటారును మిషనుకు కలిపే జాయింటులో కుదుపు తట్టుకునే రబ్బరు ముక్కలు, అచ్చు పోస్తాం. మీరు రాకముందు మా ఫార్ములా ఇది: వంద భాగాల నేచురల్ రబ్బరుకు కార్బన్ బ్లాక్ (నల్ల మసిపొడి) 50, జింక్ ఆక్సైడ్ 5, స్టియరిక్ యాసిడ్ 2, గంధకం 2.5, ఇంకాస్త యాక్సిలరేటర్. ఒకరోజు మా ఓనర్ కాలిక్యులేటర్ పట్టుకొచ్చి, "ఇంకో వంద క్యాల్షియం కొట్టు. కిలో రేటు ఎంత పడిపోతదో చూడు" అన్నాడు.

పడిపోయింది, కాదనను. కానీ అచ్చుకు కిలోలు ఏం తెలుసు? దాని గుంత నిండాలి, అంతే. రబ్బరు సాంద్రత 0.92, మీది 2.7. నిన్నటిదాకా 113 గ్రాములున్న బుష్ ఇప్పుడు దాదాపు 146 గ్రాములు తూగుతోంది. సరుకు కొనేది కిలోల్లెక్కన, బుష్‌లు అమ్మేది నగాల్లెక్కన. ఈ రెండో లెక్కకు ఓనర్ కాలిక్యులేటర్‌లో బటన్ లేనట్టుంది.

గట్టిదనం కొలిచే గేజ్ కూడా మీ పార్టీయే. డ్రాయింగ్‌లో 70 షోర్ ఎ (రబ్బరు గట్టిదనం కొలిచే స్కేలు) అని ఉంటుంది. మీవల్ల ఎక్కువైతే కాస్త ఆయిల్ పోసి దించుతాం. ముల్లు 70 మీద నిలిస్తే పాస్. చిరుగుతుందా, అరుగుతుందా అని గేజ్ అడగదు. నేనే ఒకటి మడిచి చూశాను. మడత మీద నలుపు పోయి బూడిద రంగు తేలింది, రంగేసుకున్న జుట్టులో పదిహేను రోజులకు పాపిట తెల్లబడ్డట్టు.

రబ్బరు కలిపే మిల్లు రోలర్ల మీద మిమ్మల్ని చల్లేసరికి నా కనుబొమ్మలు కూడా అంతే. మొన్న మా ఆవిడ "ముగ్గులో పొర్లినవా?" అంది.

నిన్న పరకాల నుంచి రైస్ మిల్లు సేఠు వచ్చాడు. మా బుష్ నెలకే తునిగిందని రెండు ముక్కలు బల్ల మీద పెట్టాడు. నాకు చెమటలు పట్టాయి. ఆయనేమో ర్యాకులోంచి కొత్త బుష్ తీసి, అరచేతిలో ఎగరేసి చూసి, "ఇదీ మాల్ అంటే! మంచి బరువుంది. ఇసొంటివే యాభై పంపు" అన్నాడు.

తునిగిందీ మీవల్లే, బరువు తూగిందీ మీవల్లే సార్. మీ కొత్త బస్తాలు దిగుతున్నాయి, ఉంటాను.

ఇట్లు,
మిక్సింగ్ మిల్లు దగ్గర నిలబడేవాడు