ఎముకలో చీము పడితే ‘ఇమ్యూనిటీ’ సీసా ఏం చేస్తుంది?

కరోనా తర్వాత ‘ఇమ్యూనిటీ’ సిరప్ లేని మెడికల్ షాపు హనుమకొండలోనూ లేదు, మంచిర్యాలలోనూ లేదు. పిల్లాడి ఎముక ఇన్ఫెక్షన్ నెలలైనా తగ్గకపోతే ‘రోగనిరోధక శక్తి పెంచేది ఏదైనా రాయండి సార్’ అని తల్లిదండ్రులు అడగడం సహజమే. అయితే ఇక్కడ ‘పెంచడం’ దగ్గరే తిరకాసు ఉంది.

ఈ జబ్బుకు ఎక్కువగా కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. చర్మం మీది సెగ్గడ్డ నుంచి కూడా రక్తంలోకి చేరి, మోకాలికి అటూ ఇటూ ఎముక పెరిగే చోట, రక్తం నెమ్మదిగా పారే సన్నని నాళాల్లో తిష్ఠ వేస్తుంది. తెల్లరక్తకణాలు దాని మీద పడతాయి, చీము చేరుతుంది. చర్మంలా ఎముక సాగదు కదా. లోపల ఒత్తిడి పెరిగి, రక్తం అందక ఎముక ముక్క చచ్చిపోతుంది. రక్తం పోని ఆ ముక్కలోకి యాంటీబయాటిక్ కూడా సరిగా పోదు. అంటే నష్టంలో కొంత వాటా మన రక్షణ వ్యవస్థదే.

అందుకే పరిశోధన కొన్నిచోట్ల దానికి కళ్లెం వేయడం వైపు నడిచింది. కోస్టారికాలో కీళ్ల ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లలకు యాంటీబయాటిక్‌తో పాటు 4 రోజులు డెక్సామెథసోన్ (వాపును, రక్షణ వ్యవస్థ జోరును తగ్గించే స్టెరాయిడ్) ఇస్తే కీళ్లు త్వరగా కోలుకున్నాయని 2003లో తేలింది. అది కీళ్ల సంగతి. ఎముకకు అలాగే వర్తిస్తుందనుకుంటే పొరపాటే. అసలు క్రిమే లేకుండా రక్షణ వ్యవస్థే ఎముకను వాపెక్కించే జబ్బు (సీఎన్‌ఓ) ఇంకొకటి ఉంది. ఎక్స్‌రేలో ఇన్ఫెక్షన్‌లాగే కనిపిస్తుంది, చికిత్స మాత్రం పూర్తిగా వేరు. ఎముక టీబీ కాదని తేల్చుకోకుండా రక్షణ వ్యవస్థను అణిచే అలాంటి మందులు మొదలెడితే కొంప మునుగుతుంది.

ఇక పెంచే ప్రయత్నాలూ జరిగాయి. మెర్క్, ఫైజర్ సంస్థలు స్టెఫైలోకాకస్‌కు తయారు చేసిన టీకాలు ఆపరేషన్ రోగుల మీద పరీక్షల్లో విఫలమయ్యాయి. మెర్క్ టీకా తీసుకున్నాక కూడా ఆ క్రిమి సోకినవాళ్లలో మరణాలు ఎక్కువయ్యాయి. నన్నడిగితే, సిరప్ కొనేముందు చదవాల్సిన కబురు ఇదే.

మన ఉత్తర తెలంగాణలో రోగనిరోధక శక్తి ప్రశ్న నిజంగా ఉన్నది సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే వంశపారంపర్య రక్తజబ్బు) దగ్గర. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గూడేల్లో గోండు, కొలాం పిల్లల్లో ఈ జబ్బు ఉంది. ఇది రక్తంలోని క్రిములను వడకట్టే ప్లీహాన్ని దెబ్బతీస్తుంది. అప్పుడు సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాలు కూడా ఎముకలోకి చేరతాయి. పైగా సికిల్ నొప్పే ఇన్ఫెక్షన్‌లా కనిపిస్తుంది. ఈ పిల్లలకు పెన్సిలిన్, న్యూమోకాకల్ (న్యుమోనియా) టీకా, సికిల్ నొప్పులను తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు అందితే అదే అసలైన ఇమ్యూన్ చికిత్స. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద చేసే రక్తపరీక్షకు నా లెక్కలో ఏ కొత్త మందుకన్నా విలువ ఎక్కువ.

ముందే పట్టుకుంటే మామూలు కేసుల్లో కొద్దిరోజుల ఇంజెక్షన్లు, తర్వాత నోటిమందులు, మొత్తం 20 రోజులు చాలని ఫిన్లాండ్ వైద్యులు 2010లో చూపించారు. మన దగ్గర ఆ ముందు రోజులే నూనె మర్దనకు, నాటు కట్టుకు పోతున్నాయి. మొదటి వారం పది రోజులు ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, దాంతో ‘ఏం లేదు’ అనేస్తారు. ఆలోపు ఆర్‌ఎంపీ ఒక యాంటీబయాటిక్ సూది వేస్తే, తర్వాత పెద్దాసుపత్రిలో చేసే బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్షలో) క్రిమి దొరకకపోవచ్చు. జ్వరంతో ఉన్న పిల్లాడు కాలు నేల మీద మోపనంటే, ఆ సూదికి ముందే రక్తం తీయించాలి.