మహారాజశ్రీ లెక్కల స్టెప్పులు గారి సముఖమునకు

విజయనగరం నుంచి ఐదో తరగతి పిల్ల తల్లి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న ఆదివారం మధ్యాహ్నం మొత్తం తమరి సేవలోనే గడిచింది. చేపల పులుసు చల్లారిపోయింది. మావారు పడుకుని లేచి, మా వాలకం చూసి మళ్లీ పడుకున్నారు. గంటస్తంభం దగ్గర తమరి కోసమే కొన్న లాంగ్ నోట్సులో మా గుంట రాసింది మాత్రం ఒకే ఒక్క అంకె: 1200.

లెక్క 25 ఇంటూ 48. "నాలుగు పాతికలు వంద కదమ్మా, నలభై ఎనిమిదిలో నాలుగులు పన్నెండు. పన్నెండొందలు. ఇంకేటి రాయాలి?" అంది.

ఏటి రాయాలంటే, తమర్ని రాయాలి. ఎనిమిదైదులు నలభై, సున్నా వేసి నాలుగు చేతిలో ఉంచుకుని, కింది లైనులో ఒక గడి వదిలి, గీత కొట్టి కూడాలి. వచ్చేది అదే 1200.

పోయిన స్లిప్ టెస్టులో ఐదు లెక్కలకి ఐదూ కరెక్టే, మార్కులు మాత్రం 10కి 5. పక్కన ఎర్ర సిరాతో "వేర్ ఆర్ ది స్టెప్స్?" అని. చూసి రాసిందేమోనని టీచరమ్మ అనుమానం. చూసి రాయాలంటే ముందు పక్కోడికి రావాలి కదండీ! రెండు ఆన్సర్లు తప్పు రాసిన ఆ పక్కోడికి, తమర్ని పద్ధతిగా వరసలో నిలబెట్టినందుకు ఆరున్నర.

మార్జిన్ గీత గారు, రఫ్ వర్క్ కాలం గారు తమరి చుట్టాలే. వాళ్ల సంగతి ఇంకో ఉత్తరంలో.

మొన్న స్థలం బేరానికి వచ్చిన బ్రోకరు ఐదు సెంట్లంటే ఎన్ని గజాలో చెప్పడానికి ఫోన్లో కాలిక్యులేటరు వెతుక్కుంటున్నాడు. సెంటుకి 48.4 గజాలు. అరుగు మీద జంతిక నములుతున్న మా గుంట "రెండొందల నలభై రెండు తాతా" అనేసింది. పది సెంట్లకి 484 కదా, అందులో సగమట. బ్రోకరు దాన్ని చూశాడు, ఫోను చూశాడు, మళ్లీ దాన్ని చూశాడు. వెళ్లేదాకా గజాల మాటెత్తితే ఒట్టు. ఆయన కూడా స్టెప్పులు అడగలేదండీ.

నిన్న ఆఖరికి ఒళ్లు మండి, "22ని 7తో భాగించు, ఒక్క స్టెప్పు వదిలినా ఊరుకోను" అన్నాను. మూడు పోయి ఒకటి మిగిలింది. పాయింటు పెట్టి 1, 4, 2, 8, 5, 7 దాకా బుద్ధిగా రాసింది. మళ్లీ శేషం ఒకటి రాగానే పెన్సిలు కింద పెట్టేసింది.

"మొదటికొచ్చింది. ఇంక ఆగదమ్మా."

"నీకెలా తెలుసు?"

"ఏడుతో భాగిస్తే మిగిలేవి ఒకటి నుంచి ఆరే కదా. సున్నా రాకపోతే, వచ్చిందే మళ్లీ రావాలి. మరి ఆగని లెక్కకి ఎన్ని స్టెప్పులు రాస్తే ఫుల్ మార్కులు?"

అయ్యా, అది స్టెప్పు కాదా? మీ వరసలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకి సరితూగుతాయా? దానికి అర మార్కైనా వేస్తారా? వెయ్యరు. పిల్ల ఎలా ఆలోచించిందో తెలుసుకోవడానికే కదా మిమ్మల్ని పెట్టింది! అది నోరు తెరిచి చెబుతుంటే వినే తీరిక లేదు గానీ, గీత కింద గీత లేదని మార్కు కొయ్యడానికి మాత్రం ఎర్ర పెన్ను రెడీ. సిగ్గుండాలి.

రేపు మళ్లీ స్లిప్ టెస్టు. "ముందు ఆన్సరు వేసెయ్. తర్వాత తీరిగ్గా పైన స్టెప్పులు అల్లుకో" అని చెప్పాను.

"నేను అలా చెయ్యలేదు కదమ్మా. అబద్ధం రాయమంటావేటి?" అంది.

దీనికి సమాధానం తమరే పంపాలి. స్టెప్పులతో సహా.

ఇట్లు,
ఒక తల్లి