కమాండోలను దింపేస్తే అయిపోతుందా?

ఎక్కడ దాడి జరిగినా టీవీ చర్చల్లో మొదటి మాట ఇదే: "కమాండోలను దింపండి!" సరే, దింపుదాం. ఎందులో ఎక్కించి? ఎవరిచ్చిన సమాచారంతో?

మావోయిస్టులతో పోరాడే పోలీసు కమాండో బలగం గ్రేహౌండ్స్ గురించి మన హైదరాబాద్‌లో గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ మొదలుపెట్టిన ఈ బలగం తర్వాత ఎన్నో రాష్ట్రాలకు నమూనా అయింది. చాలామందికి అందులో కనిపించేది మాత్రం తుపాకులూ, యూనిఫారమూ. అసలు ప్రాణం పోలీసు నిఘా విభాగం ఎస్ఐబీలో ఉంది. ఏ మావోయిస్టు దళం ఏ వాగు పక్కన మకాం వేసిందో చెప్పేవాడు లేకపోతే కూంబింగ్ అంటే అడవిలో ఊరికే కాళ్లరగదీసుకోవడమే. సమాచారం అందాక కూడా పద్ధతి తప్పకూడదు. మందుపాతరలుంటాయి కాబట్టి వాహనం దూరంగానే దిగిపోవాలి, చీకట్లో నడవాలి, తిండీ నీళ్లూ వీపు మీదే మోయాలి, వెళ్లిన దారిన తిరిగి రాకూడదు.

2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో ఏమైంది? కూంబింగ్ ముగించుకుని తిరిగొస్తూ అందరూ ఒకే లాంచీ ఎక్కారు. గుట్టల మీంచి మావోయిస్టులు కాల్పులు మొదలుపెడితే నడినీళ్లలో దాక్కునేందుకు చోటేది? 38 మంది పోయారు, ఎక్కువమంది గ్రేహౌండ్స్ వాళ్లే. శిక్షణలో వాళ్లకు వంక పెట్టగలవాడెవడు? తిరుగు ప్రయాణమే దెబ్బతీసింది.

అమెరికా వాళ్లకూ 1980లో ఇదే గతి పట్టింది. ఇరాన్‌లో బందీలైన తమవాళ్ల కోసం 8 హెలికాప్టర్లు బయల్దేరాయి. కనీసం 6 ఉండాలి, పనికొచ్చేవి 5 మిగిలాయి. ఆపరేషన్ ఆపేసి వెనక్కి మళ్లుతుంటే ఒకటి రవాణా విమానాన్ని ఢీకొని 8 మంది చనిపోయారు. ఏడేళ్లకు ప్రత్యేక దళాలన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చే సోకామ్ అనే కమాండ్ పెట్టి, సొంత బడ్జెట్ కూడా ఇచ్చారు. మనం 2019లో త్రివిధ దళాల కమాండోలను కలిపి ఒక డివిజన్ పెట్టి, మేజర్ జనరల్‌కు అప్పగించాం. నా దృష్టిలో అది సగం పనే.

ఇక 26/11. కేంద్ర కమాండో బలగం ఎన్ఎస్‌జీ ఢిల్లీ దగ్గరి మానేసర్‌లో, వాళ్లను తీసుకెళ్లాల్సిన విమానం చండీగఢ్‌లో. ముంబైలో రంగంలోకి దిగేసరికి తెల్లారిపోయింది. ఆ తర్వాతే హైదరాబాద్‌కు ఎన్ఎస్‌జీ హబ్ వచ్చింది. రాష్ట్ర పోలీసుల ఉగ్రవాద నిరోధక దళం ఆక్టోపస్ అంతకుముందు నుంచే ఉంది. బాగానే ఉంది. కానీ తొలి అరగంట లోకల్ స్టేషన్ కానిస్టేబుల్‌దే. బయటి దారులు మూయాల్సింది, జనాన్ని, కెమెరాలను దూరం పెట్టాల్సింది అతనే. హైటెక్ సిటీలోని పెద్ద హోటళ్ల సర్వీస్ మెట్లు, వంటగది దారులు, కరెంట్ మెయిన్ చూపించే నక్షా ఆ స్టేషన్లో ఉండాలి, అదీ కాగితం మీద. 26/11న ముంబై తాజ్ హోటల్లో కమాండోలకు సరిగ్గా దొరకనిది అదే.