మా టేబుల్ ఫ్యానూ, దాని పాత డాక్టర్లూ

పాత సామాను దానంతట అది పాడవదండీ. ఇంట్లో వాళ్లు బాగుచేస్తారు, అందుకని పాడవుతుంది. నాలుగు నెలలుగా వెనక వసారాలో మా తాతగారి టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ఇంట్లో స్క్రూడ్రైవరు ఉన్న ప్రతి మగాడికీ లైసెన్సు ఉండాలని ప్రభుత్వం వెంటనే ఒక చట్టం చెయ్యాలి. ఏ ప్రభుత్వం అని అడక్కండి. మాది పర్లాకిమిడి. ఫ్యాను ఒడిశాలో ఉంది, దానికి సరిపోయే బుష్, అంటే మోటారు ఇరుసు తిరిగే చిన్న గొట్టం, ఆంధ్రాలో పాతపట్నంలో దొరికింది. రెండు ప్రభుత్వాలూ కలిసి చేస్తే మరీ మంచిది, ఎలాగూ రెండూ అది అవతలివాళ్ల పని అంటాయి.

(ఫ్యాను అంటున్నానని పండితులు ఏమీ అనుకోవద్దు. గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగు కోసం కొట్లాడిన ఊళ్లో ఉండి విద్యుత్ వీవన అంటే పాపం తగులుతుంది.)

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు మా ఊరు ఇటొచ్చింది, జమీందారీలో కొంత భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. అప్పట్నుంచీ ఇక్కడ ప్రతి మనిషికీ రెండు వైపులా చూడ్డం అలవాటు. మా ఫ్యాను మాత్రం నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ దక్షిణం గోడనే, అంటే పాతపట్నం వైపే, మెడ పట్టేసినట్టు చూస్తూ ఉండిపోయింది. మా చిన్నాన్న దీన్ని రాజకీయ అభిప్రాయం అనేవారు. నేను విప్పి చూస్తే గేర్ పెట్టె నిండా గట్టిపడిన కొబ్బరి నూనె.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. మోటారులో బుష్ చుట్టూ ఒక ఫెల్ట్ ముక్క ఉంటుంది, అది నూనె పీల్చుకుని తిరిగే షాఫ్టుకి కొంచెం కొంచెంగా అందిస్తుంది. దానికి పల్చటి కుట్టుమిషన్ నూనె పొయ్యాలి. మా ఇంట్లో మూడు తరాలుగా పోసింది కొబ్బరి నూనె, ఎందుకంటే అది అద్దం దగ్గర చేతికందేలా ఉంటుంది. చలికాలంలో పేరుకుని, ఎండాకాలంలో కరిగి, ఏళ్ల తరబడి దుమ్ముతో కలిసి చివరికి ముదురు పాకం అయిపోయింది. బుష్ బయటికి లాగితే నాన్నమ్మ జడ వాసన వచ్చింది. నిజంగా. ఒక నిమిషం పని ఆపేశాను.

తర్వాత అడుగున ఉన్న రెగ్యులేటర్ మూత తీశాను. గుడ్డ తొడుగు వైరు, ఎలకలు వదిలేసినంత మేరకు ఉంది. వైరు తెగిన చోట రెండు కొసలు మెలిపెట్టి, దారం చుట్టి, దాని మీద టేపు బదులు దెబ్బలకి వేసే ప్లాస్టర్ అంటించి ఉంది. చిన్నాన్న కాంపౌండరుగా చేశారు కాబట్టి నేరస్థుడి కోసం ఎక్కువ వెతకలేదు. ఎర్త్ వైరు అసలే లేదు. చిన్నప్పుడు ఈ ఫ్యాను ముట్టుకుంటే జివ్వుమనేది, దానికి కోపమెక్కువ అనుకుని హవాయి చెప్పులు వేసుకుని స్విచ్చి నొక్కేవాళ్లం.

రెక్కలకి పైన సిల్వర్ పెయింటు, గీకితే ఆకుపచ్చ, ఇంకా గీకితే నీలం. ఇంట్లో పెళ్లయినప్పుడల్లా మిగిలిన రంగు దీనికి పూశారు. సిల్వర్ చిన్నత్త పెళ్లిది, ఆకుపచ్చ పెద్దత్తది, మా గేటుదీ అదే రంగు. నీలం ఎవరిదో తేలక ఫోన్లలో రెండు రోజులు గొడవ. అన్నిటి కిందా ఇత్తడి! చారులోకి నానబెట్టిన చింతపండుతో తోమాను, ఆ పూట ఇంట్లో చారు లేదు. పాత సామాన్లు కొనేవాడు గేటు దగ్గరే ఆగి, రెక్క మీద వేలితో టంగుమని కొట్టి, కేజీ లెక్కన ఎంతిస్తాడో చెప్పాడు. వాడికీ లైసెన్సు ఉండాలి.

వైండింగ్, అంటే మోటారులో తీగ చుట్ట, కాలిపోయింది, అది నా వల్ల కాదు. బజారులో వైండింగ్ మేస్త్రి మోటారు చూసి "హెబ" అన్నాడు. ఒడియాలో హెబ అంటే అవుతుంది అని. ఎప్పుడు అనేది ఆ మాటలో ఉండదు, ఆరు వారాలు పట్టింది. అది వచ్చాక 100 వాట్ల బల్బుని మోటారుతో సిరీస్‌లో, అంటే కరెంటు రెండిట్లోంచీ వరసగా పోయేలా పెట్టి, ఇంటిల్లిపాదినీ పిలిచి స్విచ్చి వేశాను. బల్బు నిండుగా వెలిగితే లోపల షార్టు, మసగ్గా వెలిగితే మోటారు బాగున్నట్టు. మసగ్గా వెలిగింది. నేను కళ్లు తుడుచుకుంటుంటే మా ఆవిడ "నాలుగు నెలలు చేసి బల్బు కూడా సరిగ్గా వెలిగించలేకపోయారా" అని లోపలికెళ్లిపోయింది, అక్కడ 30 వాట్లతో తిరిగే కొత్త సీలింగ్ ఫ్యాను ఉంది.

నేను మాత్రం చిన్నాన్నలాంటి పనులు చెయ్యలేదని మనవి. మెడ తిప్పే నాబ్ దగ్గర పిన్ను దొరక్క సైకిల్ చువ్వ ముక్క కోసి పెట్టాను, అంతే. అది వేరే విషయం. దాన్ని రిస్టోరేషన్ అంటారు.

ఇప్పుడు ఫ్యాను రెండు రాష్ట్రాలనీ సమానంగా చూస్తోంది, కొంచెం టకటకమంటూ. మొన్న ఆదివారం చిన్నాన్న చూడ్డానికొచ్చారు. తను నూనె పోసిన రోజుల్లో విమానంలా తిరిగేదన్నారు. 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోళ్ల మోటారు నిమిషానికి 1500 చుట్లు దాటదు బాబాయ్ అన్నాను. ఆయన వినలేదు, కళ్లు మూసుకుని ఫ్యానుకి చెవి ఆనించి ఉన్నారు.

"ఏట్రా ఇది, గొంతు ఎండిపోనాది దీనికి," అని లేచి నేరుగా అద్దం వైపు నడిచారు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో కొబ్బరి నూనె సీసా బీరువాలో, నగల పక్కన ఉంటోంది.