రాజుగారే ఉండని కోటలో మనకి గంటన్నర చాలదా?

ఫ్రాన్స్ చూసొచ్చిన తెలుగువాళ్ల మీద ఒక అభాండం ఉంది. పారిస్‌లో పొద్దున్న ఏడింటికి బస్సెక్కి, లువార్ నది చుట్టుపక్కల మూడు కోటలు చుట్టబెట్టి, రాత్రి భోజనాల వేళకి మళ్లీ పారిస్‌లో తేలతారట. అదీ ఒక చూడటమేనా అని చరిత్ర చదివిన పెద్దలు మొహం చిట్లిస్తారు. ఒక్కో కోటలో రెండేసి రోజులుండాలట, రాయి రాయినీ పలకరించాలట. ఈ నిందని ఖండించడానికే ఈ వ్యాసం. ఆ బస్సెక్కినవాణ్ణి కాబట్టి నాకా అర్హత ఉంది. ఒక్కో కోటకి గంటన్నర చాలు. అంతకు మించి ఉండటం అనవసరం మాత్రమే కాదు, అపాయం కూడా. రుజువులున్నాయి.

షాంబోర్‌తో మొదలెడదాం. మొదటి ఫ్రాన్స్వా రాజు 1519లో కట్టించడం మొదలుపెట్టాడు. 400 దాటిన గదులు, 282 చలిమంట గూళ్లు, చుట్టూ అడవి, ఆ అడవి చుట్టూ 32 కిలోమీటర్ల గోడ. ఇంతా చేసి ఆయన ఏలిన 32 ఏళ్లలో ఆ కోటలో గడిపింది అంతా కలిపి 72 రోజులని చెబుతారు. అవి కూడా వరసగా కాదు. వేటకొచ్చేవాడు, చలికి వణికేవాడు, వెళ్లిపోయేవాడు. 282 చోట్ల మంట పెట్టినా వెచ్చబడని ఇల్లది. ఖజానా ఊడ్చి కట్టించినవాడికే 72 రోజులు సరిపోయినప్పుడు, టికెట్టు కొన్నవాడికి 90 నిమిషాలు తక్కువెలా అవుతాయి? పెట్టిన డబ్బుతో లెక్కేస్తే ఆయన కన్నా నేనే ఎక్కువసేపు ఉన్నాను.

ఇంకో సంగతి. ఆ కాలంలో రాజు లేనప్పుడు ఈ కోటలు దాదాపు ఖాళీ కొంపలే. మంచాలు, బల్లలు, గోడలకి వేలాడదీసే తివాచీలు, గిన్నెలు, అన్నీ బళ్ల మీద రాజు వెంట వచ్చి రాజు వెంటే పోయేవి. ఫ్రెంచివాళ్లు ఫర్నిచర్‌కి ఇప్పటికీ వాడే మాటకి అసలు అర్థం 'కదిలేది' అనే. పరుపూ పళ్లెమూ వెంటేసుకుని, వేలమంది బలగంతో ఇవాళొక కోట, వచ్చేవారం ఇంకో కోట తిరిగేవాణ్ణి ఏమంటాం? ప్యాకేజీ టూరిస్టు అంటాం.

షాంబోర్ పార్కింగ్‌లో మా అత్తయ్యగారు స్టీలు డబ్బాలో పులిహోర, పక్కన ఊరమిరపకాయలు తీసి కాగితం ప్లేట్లలో సర్దుతుంటే, కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి మరీ వింతగా చూశాడు. పాపం, వాళ్ల చరిత్ర ఆయనకి తెలియదు. తన వంట తనతో మోసుకొచ్చే ఫ్రాన్స్వాగారి సంప్రదాయాన్ని ఆ రోజు ఆ ప్రాంతంలో నిలబెట్టింది ఆవిడొక్కరే.

ఆ కోట నడిమధ్య జంట మెట్లు ఉంటాయి. రెండు దారులు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకి పోతాయి. ఈ దారిన ఎక్కేవాళ్లకి ఆ దారిన దిగేవాళ్లు కిటికీల్లోంచి కనిపిస్తారు గానీ, ఎక్కడా ఎదురుపడరు. లియొనార్డో డావిన్చీ ఆలోచన అయ్యుండొచ్చని పండితులు అంటారు. ఎవరిదైనా, ఆ బుర్రకి ఉమ్మడి కుటుంబం గురించి బాగా తెలుసు. మా బస్సులో ఇద్దరు తోడికోడళ్లకి పొద్దుట్నుంచీ మాటల్లేవు. చెరో దారిన ఎక్కారు, చెరో దారిన దిగారు. ఆ రోజు మొత్తంలో వాళ్ల మొహాలు వెలిగింది అప్పుడే.

ఇక అపాయం సంగతి. ఎనిమిదో చార్లెస్ రాజు 1470లో ఆంబ్వాజ్ కోటలో పుట్టాడు. పెరిగిందీ అక్కడే, పెద్దది చేసి కట్టించుకున్నదీ దాన్నే. 1498లో బంతాట చూడ్డానికి వెళ్తూ ఆ కోటలోనే ఒక గుమ్మం పైకమ్మికి తల కొట్టుకుని, కొన్ని గంటల్లో పోయాడు. 27 ఏళ్ల వాడు. అదే ఆంబ్వాజ్‌లో మా బస్సువాళ్లం 50 నిమిషాలున్నాం. ఒక్కరికి బొప్పి కట్టలేదు. లియొనార్డోని చూడండి, 1516లో వచ్చి ఆ ఊళ్లోనే స్థిరపడ్డాడు, మూడేళ్లకి కన్నుమూశాడు. పక్కనున్న బ్లువా కోటలో 1588 డిసెంబరులో మూడో హెన్రీ రాజుకి పోటీగా ఎదిగిన గీజ్ ప్రభువుకి ప్రాణం మీదికొస్తుందని హెచ్చరికలు అందినా, ఊరు వదలకుండా కూర్చున్నాడు. రాజుగారి అంగరక్షకులు పొడిచేశారు. మా బస్సు బ్లువాలో ఆగనే లేదు. చాలామంది గొణిగారు గానీ, నేను మాత్రం డ్రైవర్ దూరదృష్టిని మెచ్చుకున్నాను.

షెనోన్సో కోట మరీ పెద్ద గుణపాఠం. షేర్ నదికి అడ్డంగా, వంతెన మీద మేడ వేసినట్టుంటుంది. రెండో హెన్రీ దాన్ని 1547లో తన ప్రియురాలు డియాన్‌కి ఇచ్చాడు. ఆవిడ తోట వేసింది, నది మీద వంతెన కట్టించింది, 12 ఏళ్లపాటు ఇల్లు తనదేననుకుంది. 1559లో ఈటెల పోటీలో దెబ్బ తగిలి రాజు పోయాడు. రాణి కేథరిన్ ద మెదిచి ఆవిడ చేత ఇల్లు ఖాళీ చేయించి, బదులుగా షోమోన్ అనే ఇంకో కోట ఇచ్చి పంపింది. అద్దె ఇళ్లలో బతికిన మనకి ఈ కథ కొత్త కాదు, మనకి బదులు కోట ఇవ్వరంతే. ఆ తర్వాత కేథరిన్ కోడలు లూయిజ్, భర్త మూడో హెన్రీ హత్య జరిగాక, అక్కడే గోడలకి నల్లరంగు వేయించిన గదిలో తెల్లబట్టలు కట్టుకుని కూర్చుండిపోయింది. ఎక్కువ రోజులుంటే గోడల రంగు కూడా మారిపోతుంది.

వంతెన మీద కేథరిన్ కట్టించిన 60 మీటర్ల హాలు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో షేర్ నదే సరిహద్దు. హాలుకి ఈ చివర జర్మన్లు ఆక్రమించిన నేల, ఆ చివర తలుపు తీస్తే ఆక్రమించని నేల. ఆ హాలు మీదుగా దాటి తప్పించుకున్నవాళ్లున్నారు. వాళ్లెవరూ మధ్యలో ఆగి కిటికీ దగ్గర ఫొటో దిగి ఉండరు. ఆ హాలుని సరిగ్గా చూడాల్సిన వేగం అదే. మా గైడు "పదండి, పదండి" అని చేతిలో గొడుగు ఊపుతుంటే నాకు చరిత్రే పిలుస్తున్నట్టు అనిపించింది.

పారిస్‌లో ఉద్యోగం చేసే మా బావమరిదికి ఈ సిద్ధాంతం ఇంకా ఎక్కలేదు.

"బావా, శనివారం వో-ల-వికోంత్ వెళ్దాం. గంట దూరం. సాయంత్రాలు తోటంతా కొవ్వొత్తులు పెడతారు. రాత్రి దాకా ఉందాం" అన్నాడు.

ఆ కోట కట్టించింది ఫూకే అనే ఆర్థికమంత్రి. 1661 ఆగస్టు 17న పద్నాలుగో లూయీని పిలిచి విందు, నాటకం, బాణాసంచా, అన్నీ పెట్టాడు. తన ఇంటి కన్నా మంత్రి ఇల్లు బాగుండటం చూసి రాజుకి కడుపు మండిందంటారు. మూడు వారాలు తిరక్కుండానే ఫూకేని పట్టించాడు. ఆయన చచ్చిపోయేదాకా, అంటే 1680 వరకూ, జైల్లోనే. ఆ కోట వాస్తుశిల్పినీ, చిత్రకారుణ్ణీ, తోట వేసినవాణ్ణీ రాజు తన వెర్సాయి కోట పనికి పట్టుకుపోయాడు. ఆ తర్వాత ఇదే రాజు ఒక నీలం వజ్రం కొనుక్కున్నాడు. అది మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనిదేనంటారు. అందుకే వెర్సాయిలో నేను కాస్త చొరవగా నడుస్తాను.

"వెళ్దాం గానీ, సాయంత్రం ఆరింటికల్లా బయటపడాలి" అన్నాను.

"కొవ్వొత్తులు వెలిగించేదే చీకటి పడ్డాక బావా!"

"ఫూకే కూడా అలాగే అనుకున్నాడు."

అత్తయ్యగారు మాత్రం పులిహోరకి చింతపండు నానబెట్టేశారు.